దోమలకి చెయ్యిచ్చిన నూకరాజు

ఎవరు చెప్పేరు నీకు, మీ తాత దోమలకి చెయ్యిచ్చి పెంచేడని? మీ నాన్నా? చిరంజీవికి అప్పుడు పదేళ్ళు నిండలేదు, వాడికేటి గుర్తుంటాది. కూర్చో లాస్యా, ఇలా ఫ్యాను కిందకి రా. పెంచడం నిజమే, నా కళ్ళతో చూసేను. ఎందుకు పెంచేడో చెప్పాలంటే మరి నా సంగతీ చెప్పాలి, అదే కష్టం. నువ్వు చదివేది బోటనీయా? అచ్ఛా, జువాలజీ. అయితే నీకు చెప్పాల్సిందే.

మీ తాత నూకరాజు రైల్వేలో మలేరియా గ్యాంగు ఖలాసీ. నేను ఆఫీసులో గుమస్తాని. మావి ఇక్కడి రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. వానలు పడే ముందు గ్యాంగు వచ్చీది. బకెట్లో పంపు పెట్టి ఒకడు కొడతా ఉంటే మీ తాత గొట్టం పట్టుకుని గోడలన్నీ తడిపీవాడు. డీడీటీ అమ్మా, ఆరిపోతే తెల్లటి మరక. ఆడవాళ్ళు తగువుకొచ్చీవారు. "ఒరే నూకరాజూ, దేవుడి పటం మీద కూడా కొట్టీసేవేట్రా!" ఆయన నవ్వీవాడు. "మరకుంటే మనిసుంటాడమ్మా." అదొక్కటే జవాబు. పదిహేనేళ్ళు అదే పని. నాలాగే టెక్కలి వైపు నుంచి ఈ హిందీ ఊరొచ్చిన మనిషే గానీ నాకంటే పెద్దవాడు, అయినా నన్ను బాబూ అనీవాడు, గుమస్తాని గదా. సెలవు చీటీ కావాలంటే నా దగ్గరికే వచ్చీవాడు.

డెబ్బై నాలుగులో పెద్ద సమ్మె అయింది చూడు, ఆ మరుసటి ఏడు. వానల్లో జ్వరాలు పట్టుకున్నాయి. అంతకు ముందు ఎక్కడో ఒకటీ అరా, ఆ ఏడు ఇంటింటికీ మంచం. మా ఊర్మిళకి నాలుగేళ్ళు. సోమవారం వణుకు వచ్చింది. బుధవారం మధ్యాహ్నం పోయింది. మెదడుకి ఎక్కీసిందన్నారు. మూడ్రోజులు, బస్. నీకు తెలీదు గదా నాకో కూతురుండీదని. ఎవరికీ చెప్పను.

నెల తిరక్కుండా పై ఆఫీసుకి ఒక కాగితం రాసేను. నూకరాజు మందు బయట అమ్ముకుని ఉత్త సున్నం నీళ్ళు కొడతన్నాడు, అందుకే దోమలు చావట్లేదు అని. సంతకం పెట్టలేదు. చూసి రాసేనా? లేదమ్మా. బజార్లో ఎవరో అనుకుంటే విన్నాను. అలాంటప్పుడు మనిషికి ఎవర్నో ఒకర్ని పట్టుకోవాలనుంటాది. దేవుణ్ణి పట్టుకుందామంటే చేతికి దొరకడు. మీ తాతని సస్పెండు చేసి ఎంక్వయిరీ పెట్టేరు. మీ మామ్మ కుళాయి దగ్గరికి రావడం మానీసింది. అలా చూడకు. నువ్వు చూసినా తప్పు లేదులే, చూడు.

డ్యూటీ లేని మనిషి ఏం చేస్తాడు? మీ తాత పొద్దున్నే టార్చిలైటు, ఒక గాజు గొట్టం పట్టుకుని ఎల్లిపోయీవాడు. ఇప్పుడు మనం కూర్చున్న ఈ లింగియాడీహ్ అప్పుడు కాలనీని ఆనుకున్న ఉత్త పల్లె, ఇంటింటికీ పశువులశాల. గోడల మీద వాలిన దోమల్ని గొట్టంతో నోటితో పీల్చి పట్టీవాడు. గొట్టానికి లోపల గుడ్డ అడ్డు ఉంటాదిలే, నోట్లోకి పోవు. ఇక్కడోళ్ళు నవ్వీవారు, "తెలుగోడు పగలా గే హే" అని, మత్లబ్ పిచ్చెక్కిందని. ఓ రోజు బస్సెక్కి తఖత్‌పూర్ దాటి అడవిలోకి ఎల్లేడు. అక్కడ ఒక చిన్న పల్లె, మందు గొట్టం ఏనాడూ ఎరగని పల్లె. అక్కడి దోమల్నీ పట్టుకొచ్చేడు, తడి తువ్వాల్లో చుట్టుకుని.

ఆదివారం మా అరుగు మీదకి వచ్చేడు. చేతిలో రెండు లాంతరు చిమ్నీలు, రెండు వైపులా మల్మల్ గుడ్డ కట్టి, లోపల ఇరవయ్యేసి దోమలు. ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి నల్లదారం. తిట్టడానికి వచ్చేడనుకున్నాను. "బాబూ, స్టోరులో సీలు తియ్యని డబ్బాలో మందు మీరే తెప్పించండి. మీ సేత్తోనే కలపండి. నాను ముట్టుకోను" అన్నాడు. అనుమతి తీసుకుని తెచ్చేను. అట్టముక్కలు ఆ మందులో తడిపి, ఆరబెట్టి చిమ్నీల్లో పెట్టి, గంటయ్యాక తీసీసేం. మర్నాటి దాకా చూడాలన్నాడు. చిమ్నీలు మా ఇంట్లోనే ఒగ్గీసి ఎల్లిపోయేడు. చీమలు పట్టకుండా మా ఆవిడ నీలవేణి నీళ్ళ పళ్ళెంలో పెట్టి కాపలా కాసింది. ఊర్మిళ పోయాక అది ఒక పని మీద మనసు పెట్టడం అదే మొదలు.

మర్నాడు చూస్తే ఎర్రదారం, అంటే అడవి దోమలు, ఇరవైకి ఇరవై చచ్చేయి. నల్లదారం మన కాలనీ చుట్టుపక్కలవి, ఏటా మందు తగిలినవి. ఇరవైలో పదమూడు శుభ్రంగా తిరుగుతున్నాయి.

"అయితే అలవాటు పడిపోనాయా నూకరాజూ?" అన్నాను. "కాదు బాబూ. అలవాటు పడ్డానికి సచ్చినదానికి టైమెక్కడుంది? పుట్టుకలోనే తేడా. ఒక్క తల్లి పిల్లలే ఒకలాగుండరు గదా, వందలో ఒకటో రెండో మందుకి సావనివి ఎప్పుడూ పుడతానే ఉంటాయి. మా అమ్మ వరిమడిలో ఊద కలుపు తీసీది. వరిలాగ లేని ఊదంతా కంటికి దొరికిపోయీది, పీకీసీది. వరిలాగున్నది మిగిలిపోయి గింజ రాల్చీది. అలా ఏళ్ళు గడిస్తే మడిలో ఊదంతా వరిలాగే. ఆ ఊద తెలివి మీరిందేటి? మా అమ్మ సెయ్యే దాన్ని ఏరింది. ఇక్కడ ఏరినోణ్ణి నానే బాబూ. పదిహేనేళ్ళు ఇంటింటికీ తిరిగి, సచ్చీవాటిని సంపి, సావనివాటిని మీ ఇళ్ళల్లో మిగిల్చినాను."

అప్పుడమ్మా, నువ్వడిగిన సంగతి. బతికిన పదమూడింటికీ తన చెయ్యిచ్చేడు. చిమ్నీ గుడ్డకి మోచెయ్యి ఆనించి కూర్చునీవాడు, కడుపునిండా తాగీవి. మూకుట్లో నీళ్ళు పోసి గుడ్లు పెట్టించేడు. పిల్లలకి రెక్కలొచ్చాక మళ్ళీ అదే మందు. ఇరవైకి పద్దెనిమిది బతికేయి. మా నీలవేణి గుమ్మంలో నిల్చుని చూసి చూసి అడిగింది, "అన్నయ్యా, మా గుంట ఊర్మిళని కుట్టినవి ఇవేనా?" అని. ఆయన చెయ్యి తియ్యలేదు. "కాదమ్మా. ఆటి బతుకు నెల్రోజులు. ఇవి వాటి మనవలో మునిమనవలో. ఇయి ఏటీ ఎరగవు." నీలవేణి లోపలికెల్లి కొబ్బరినూనె తెచ్చి ఆయన చేతి దద్దుర్లకి రాసింది.

ఇంక నావల్ల కాలేదు. చెప్పీసేను. "నూకరాజూ, ఆ కాగితం రాసింది నేను." ఆయన చిమ్నీ వైపే చూస్తా, "తెలుసు బాబూ. ఎంక్వయిరీలో సూపించినారు. నా సెలవు సీటీలన్నీ రాసిన సెయ్యి, నాకు తెలీదా?" అన్నాడు. మరి ముందే ఎందుకు రాలేదు, ఇన్నాళ్ళు ఎందుకు ఆగేవు అన్నాను. ఏమన్నాడో తెలుసా? "గుంట పోయింది. నా మీద కోపం ఒకటుంటే అది పట్టుకుని ఎలాగో నిలబడ్డారు. అది కూడా నాను లాగీసుకుంటే మీరేటైపోతారో అని బయమేసింది బాబూ."

అలాంటి మనిషమ్మా. నేను మర్నాడే ఎల్లి నా సంతకంతో ఇంకో కాగితం రాసిచ్చేను. రైల్వే డాక్టరుగారు తన సామానుతో మళ్ళీ పరీక్ష చేసేరు, అదే లెక్క తేలింది. మీ తాతని డ్యూటీలోకి తీసుకున్నారు. ఈలోగా ఆ దోమలే ఆయనకి జ్వరం అంటించేయి. పది రోజులు వణికేడు, మా నీలవేణే జావ కాచి పట్టుకెల్లీది.

మరుసటి ఏడు కొత్త మందొచ్చింది, కంపు మందు. మొదటి ఇల్లు మాదే. సామాను బయట పెట్టీసేం. లోపలి గదిలో గోడ మీద, ఇంతెత్తులో, ఊర్మిళ బొగ్గుతో గీసిన రైలింజను ఉండీది. చక్రాలు అయిదే. నీలవేణి అక్కడ సున్నం వెయ్యనివ్వలేదు. మీ తాత గొట్టం పట్టుకుని గోడంతా కొట్టుకుంటా వచ్చి, దాని దగ్గర ఆగేడు. చూసేడు. చుట్టూ కొట్టి, ఆ జానెడు మేర ఒగ్గీసేడు. "అదేటి నూకరాజూ, అక్కడ వాలిన దోమ బతికిపోతాది" అన్నాను.

"పోనీండి బాబూ. ఒకటో రెండో బతకనీండి" అన్నాడు.

...

నీ బస్సెన్నింటికి?