చెవికి మిల్లీగ్రాము

శంషాబాద్‌లోని ఒక మందుల కంపెనీలో ఫోన్ మీద మోతాదులు చెప్పే సుమలతకు చూపు లేదు. వెబ్ పేజీని కంప్యూటర్ చదివి వినిపిస్తే చెబుతుంది. ఆ పేజీలు చేసిన రాఘవేందర్‌ని ఆవేళ పిలిపించింది.

“ఇరవై అయిదు మైక్రోగ్రాములని సక్కగనే కనబడుతుంది గదక్కా.”

“నీకు కనబడుతుంది. నాకు ఎంజీ, మిల్లీగ్రాము అని చదువుతుంది. మోతాదు అడుగుతానికి ఫోన్ చేసిన కొత్వాల్‌గూడ కనీజ్‌కు గదే చెప్పిన.”

“చెప్తే ఏమైంది?”

“బిడ్డ థైరాయిడ్ గోలీల మీద మైక్రో అని ఉంటే, దుకాణపోడు తప్పు మందిచ్చిండని పారేసింది. నెలసంది మందు లేక పసిది దవాఖానల పడ్డది.”

“లోపల ఎం అక్షరమే ఉంటదక్కా. ఫాంట్ మార్చి మైక్రో గుర్తు లెక్క చూపిస్తం.”

“అసలు గుర్తే పెట్టరాదా?”

“అన్ని కంప్యూటర్లు ఒక్కతీరు చదివే యూనికోడ్‌ల ఉంది. కానీ పేజీలన్నీ మళ్ల చెయ్యాలె. చెవితోని చదివేది నువ్వొక్కదానివేనాయె.”

“ఛీ. నీ పని ముట్టబుద్ధి గాదు నాకు.”

ఫోన్ మోగింది. ఆమె రిసీవర్ ఎత్తి అతని వైపు చాచింది.

“కనీజ్ చేస్తనన్నది. నాకు చెప్పిన మాటే ఆమెకు చెప్పు.”

అతను అందుకోలేదు. కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.