ఆల్ట్యె కొడుకు పొగాకు పెట్టె

ఎంక్‌హౌజెన్ పట్టణ న్యాయాధికారి ఎదుట, 1764 అక్టోబరు 8, సోమవారం ఉదయం.

నా పేరు డ్యూవర్. వయసు ముప్పై ఒకటి. చేపల వలలు బాగుచేసి బతుకుతాను. స్నేహితుణ్ణి చంపాడని రేపు మీరు ఉరి తీయబోయే హార్మెన్ నా భర్త. ఇంతవరకు నన్నెవరూ ఏమీ అడగలేదు.

సెప్టెంబరు 13, గురువారం మధ్యాహ్నం హార్మెన్ పనిచేసే చేపల ఓడ తిరిగొచ్చింది. అతని స్నేహితుడు సైబ్రాంట్ రాలేదు. వల చిక్కుపడితే విడిపించడానికి చిన్న పడవలోకి దిగాడట, అల లాగేసిందట. దిగేముందు తన ఇత్తడి పొగాకు పెట్టె హార్మెన్‌కిచ్చి, "ఉంచరా, తడిస్తే పొగాకు పాడైపోద్ది. పైకొచ్చాక ఇద్దరం పీలుద్దాం" అన్నాడట. ఆ మాట విన్నది హార్మెన్ ఒక్కడే. అక్కడే మా కొంప మునిగింది.

మూత మీద యోనా ప్రవక్తను చేప మింగుతున్న బొమ్మ. అడుగున మేకుతో పైపైన గీసిన ఏవో గీతలు. ఉప్పునీటికి పెట్టె అంతా చిలుము పట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక సైబ్రాంట్ తల్లి ఆల్ట్యెకు ఇద్దామన్నాడు హార్మెన్.

శనివారం నేను దాన్ని తోమాను. శనివారం తోమని ఆడది మా వీధిలో ఎవరండీ? గడప తోమాను, కెటిల్ తోమాను, గొళ్లెం తోమాను. దాన్నీ ఇసుక, పులిసిన మజ్జిగ వేసి, అడుగున గీతలు అరిగిపోయేదాకా తోమాను. కొడుకును పోగొట్టుకున్న తల్లికి చిలుము పట్టిన పెట్టె ఎలా ఇస్తాం? నాకు చదువు రాదు. ఆ గీతలు సైబ్రాంట్ పేరని నాకు తెలియదు.

ఆదివారం ప్రార్థనకు ముందే ఆల్ట్యె మా ఇంటికొచ్చింది. బల్ల మీద పెట్టెను చూసి తిరగేసింది. "నా కొడుకు పేరేదే? వాణ్ణి చంపి పేరు కూడా గీకేశారా?" అని నా జుట్టు పట్టుకుంది. ఆమెను నేనేమీ అనను. ఆ చెరిగిన పేరే మీకు హార్మెన్ మీద సాక్ష్యమైంది.

"యోనాను సముద్రంలోకి తోసింది కూడా ఓడలోవాళ్లేగా" అని ఇందాక ఇక్కడొక పెద్దమనిషి నవ్వారు. నవ్వకండి బాబూ. చేప కక్కేస్తే యోనా ఒడ్డుకొచ్చాడు. సైబ్రాంట్ రాడు. రేపటి నుంచి హార్మెన్ కూడా రాడు. పేరు చెరిపింది నేను. ఉరి తీస్తే నన్ను తీయండి.

గుర్తుపట్టమని మీరు ఆ పెట్టెను నా చేతికిచ్చారు. "ఏయ్, ఏం చేస్తున్నావ్? వదులు!" అని గుమాస్తాగారు అరిచేదాకా నాకే తెలియలేదు. ఏప్రన్ అంచుతో దాన్ని రుద్దుతూనే ఉన్నాను. చూశారు కదండీ. మీ కళ్లతో చూశారు కదా. అది కూడా రాయండి.

రాసింది నాకు చదివి వినిపించారు. ఇందులో ఒక్క అబద్ధం లేదు, దేవుడికి తెలుసు. సంతకం రాదు కనుక గుర్తు పెడుతున్నాను.

× డ్యూవర్ గుర్తు