మీ కారు మీద దుమ్ము

అలా మొహం చిట్లించకండి బావగారూ. కారు మీద దుమ్ము పేరుకుంది, నేనూ చూశాను. గుడ్డ పెట్టి తుడుచుకోండి. గుడ్డకు కరెంటు అక్కర్లేదు.

కరెంటు ఖర్చుతో ఫ్యాక్టరీ మునిగిపోతోందని మొత్తుకున్నది మీరే కదా? అది తగ్గించే దారి చెప్పడానికి మనుషుల్ని తెచ్చిందీ మీరే. మొదటాయన మీ వియ్యంకుడికి స్నేహితుడు. మెషిన్ల వైపు అడుగైనా పెట్టకుండా మీ గదిలో ఏసీ కింద కూర్చుని, షెడ్డులో ఫ్యాన్లు తీసేయమన్నాడు. రెండో ఆయన బల్బులు అమ్ముకునేవాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర బల్బే మందు.

ఫ్యాన్లు పీకించారు. ప్లాస్టిక్కు కరిగించి బకెట్లు పోసే చోట, ఆ సెగలో మనుషులు ఏమైపోతారని అడిగాను. అలవాటు పడతారులే అన్నారు. మూతలత్త అలవాటు పడలేదు. ఏళ్ల తరబడి బకెట్లకు మూతలు బిగించిన మనిషి, ఆ మూతల గుట్ట మీదే పడిపోయింది. మొహాన నీళ్లు కొట్టింది నేను. వయసైపోయింది, ఇక పనికి రావద్దన్నది మీరు.

ఇక మిమ్మల్ని అడగదలుచుకోలేదు. మీ తమ్ముడి వాటా తరఫున షెడ్డు చూసుకునేదాన్ని, ఆ మాత్రం హక్కు లేదా? విద్యుత్ పొదుపు ఆఫీసుకు నేనే వెళ్లాను. పైసా తీసుకోకుండా ఊరికే వచ్చి చూసే ఇంజినీరమ్మ ఉందక్కడ. ఊరికే వచ్చేదానికి విలువేముందంటారు మీరు, తెలుసు.

సెలవు రోజున వస్తానంటే నాకూ వింతగానే ఉంది. మెషిన్లన్నీ ఆగి ఉన్నాయి. వాటికి గాలి నొక్కి పంపే కంప్రెసర్ మాత్రం పరుగెత్తి వచ్చిన కుక్కలా రొప్పుతోంది. ఎవరి కోసం? ఆవిడ చెవి ఒగ్గి, గోడ వెంట గాలి పైపు పట్టుకుని నడిచింది. వెనకే నేను. స్టోరు దాటాం, మీ గది దాటాం, ఎక్కడ తేలామో చెప్పమంటారా? మీ కారు షెడ్డులో. పొద్దున్నే దుమ్ము ఊదుకోవడానికి గుట్టుగా లాగించుకున్న గొట్టం. కట్టేసినా మూసుకోని కొళాయి. పగలూ రాత్రీ ఒకటే బుస.

"ఇది తాగే కరెంటులో మీ ఫ్యాన్లన్నీ కలిపినా ఓ మూలకు రావండీ," అందావిడ. నా తల ఎక్కడ పెట్టుకోను?

పైగా మీరేమన్నారు? ఇంటి గుట్టు పనివాళ్ల ముందు పెట్టవద్దన్నారు. అదీ మీ బాధ. మనిషి పడిపోయినందుకు కాదు.

గొట్టం కోయించాను. ఫ్యాన్లు ఎక్కించాను. మూతలత్త ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాను. అదిగో, కిటికీలోంచి చూడండి, ఫ్యాన్ కింద.

"వయసైపోయిందన్నారు, ఇప్పుడు తగ్గిందా అమ్మా?" అనడిగింది పిలవడానికి వెళ్లినప్పుడు. మీ కారు సంగతి నాలిక చివరి దాకా వచ్చింది బావగారూ.

"ఫ్యాన్లు రిపేరుకు వెళ్లాయత్తా. అవి వచ్చేదాకా నిన్ను ఇంటిపట్టున ఉండమన్నారు బావగారు," అన్నాను.

నమ్మింది. మీది చల్లని మనసట, దణ్ణం చెప్పమంది. చెబుతున్నాను, తీసుకోండి.

మీ మొహం చూస్తే రోత అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఆ అబద్ధం ఆడొచ్చాక ఇవాళ అద్దంలో నాదీ చూసుకున్నాను. ఏం చేస్తాం, నేనూ ఈ ఇంటి కోడలినే కదా.