చెరువులో మళ్లీ కొర్రమీన్లు

వలలో ఒక్క బొచ్చె చేపా లేదు, అన్నీ కొర్రమీన్లే. చెరువుకట్ట మీద వల పరిచి, అతను బావమరిది వైపు తిరిగాడు.

“నాలుగేండ్లు ఎండిన చెరువప్పా ఇది. కొర్రమీను అనేదే లేకుండా పోయింది. మళ్లా యాడనుంచి వచ్చినాయి?”

“వాననీళ్లలో కొట్టుకొచ్చింటాయి బావా.”

“ఊరంతా కలిసి వదిలిన బొచ్చె పిల్లల్ని ఒక్కటి మిగల్చకుండా మింగేసినాయి. నిజం చెప్పు.”

“నేనే వదిలినా. ఉరవకొండ సంతలో వీటికే గిరాకీ కదా.”

“నీకు యాడ దొరికినాయి?”

“నీ బావిలో పెట్టింటి కదా, అవే.”

అతను వలలోని కొర్రమీన్ల వైపు చూశాడు.

“నీ పెండ్లాం బాలింతైతే కూర వండిపెట్టాలని గదప్పా దాచమంటివి? బావి ఎండినప్పుడు వాటిని తొట్లో వేసి, మళ్లా బావిలో నీళ్లు ఊరేదాకా ట్యాంకరు నీళ్లు తాను తాగకుండా వాటికి పోసింది మీ అక్క.”