సరిపోలని సంతకం

తిప్పి పంపేశారు సార్. చూడండి, నా గురించి మీరు రాసిచ్చిన ఉత్తరమే. పైన ఎర్ర ఇంకుతో ఏం రాశారో చదవండి. సంతకం సరిపోలలేదట.

నవ్వకండి. నాకు ఒళ్ళు మండిపోతోంది.

గోల్ఫ్ కోర్సులు గీయడం నేర్చుకుందామని మీ దగ్గర చేరి ఏడేళ్ళయింది. మొదటి ఏడాది పెన్సిలే ముట్టుకోనివ్వలేదు మీరు. వాన పడితే చాలు, గొడుగు చేతికిచ్చి తోలేవారు, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి రమ్మని. రెండో ఏడాదంతా ఇసుక గుంటలు. బంతి అందులో పడితే ఆడేవాడు తిట్టుకోవాలి గానీ ఆట మానెయ్యకూడదన్నారు. ఒక్క గుంటే నలభైసార్లు గీయించారు. గడ్డి పెంచడానికి ఇంత చదువేంట్రా అని మా అమ్మ అడిగేది. ఏం చెప్పను?

కాదనను, నేర్పింది మీరే. ఉత్త నేల చూసినా కోర్సంతా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోందంటే మీ చలవే.

కానీ డిజైనర్ల సంఘంలో చేర్చుకోవాలంటే గురువు ఒక ముక్క రాసివ్వాలి కదా, ఫలానా కోర్సు మొత్తం వీడే గీశాడని. వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అని నాలుగేళ్ళు నాన్చారు. తీరా మనసొచ్చి, మొన్న ఆ వణికే చేత్తో పావుగంట కష్టపడి సంతకం పెట్టారు. నేను బయటికెళ్ళి ఏడ్చాను, మీకు తెలీదు.

ఇప్పుడేమో సంఘం వాళ్ళు మన పాత ప్లాన్లు తీసి పక్కన పెట్టి చూశారట. నాలుగేళ్ళుగా సంతకం గీత పోకుండా ఒకేలా ఉందట. ఎందుకుండదు? అవన్నీ నేను పెట్టినవేగా. మీరు నిజంగా పెట్టింది మాత్రం దొంగదైపోయింది. ఇది ఎవరితో చెప్పుకోను? చెబితే మీ పేరూ పోతుంది, నా బతుకూ పోతుంది.

మిమ్మల్ని అనట్లేదు సార్. మొదటిసారి మీరు అడగలేదు. చెయ్యి కుదురుకోనీ, గంటాగు అన్నారు. మాత్ర వేసుకోవడానికి మీరు లోపలికెళ్ళగానే నేనే పెట్టేశాను. తొందరేం లేదు. మీ పేరు నా చేత్తో ఎలా వస్తుందో చూసుకోవాలనిపించింది, అంతే. చూసి మీరేమీ అనలేదు. ఆ వచ్చే ఏడు, వచ్చే ఏడు కూడా అప్పుడే మొదలైంది.

సరే. అదే ఉత్తరం మళ్ళీ టైపు చేయించి తెచ్చాను. గడువు రేపటితో సరి.

వద్దు సార్, మీరు పెట్టకండి. మీరు పెడితే మళ్ళీ తిప్పి పంపుతారు. ఆ పెన్ను ఇలా ఇవ్వండి.

కాస్త అటు తిరగండి. మీరు చూస్తుంటే నాకు చేతులు రావు.