పాదరసం అక్షరాలు

మెక్సికో నగరం, పెన్యోన్ పేట. రుతీలా బ్యానర్ల కొట్టు. కంప్యూటర్ ముందు రుతీలా, ఆమె వెనక నిలబడి పెద్దాయన దోన్ నజారియో. తెర మీద వెండిలా మెరిసే అక్షరాలు.

"చేపల డబ్బా మూతలా ఉంది."

"వచ్చిన దగ్గర్నుంచీ అదే మాట, దోన్ నజారియో. ఇంకోటేదైనా చెప్పండి."

"వెండి పళ్ళు కట్టించుకున్న మినీబస్సు డ్రైవరు ఇకిలించినట్టుంది. చాలా?"

"ఇది నయం. కుర్చీ ఉంది, కూర్చోండి."

"కూర్చుంటే ఇంకా దగ్గరగా కనపడుతుంది. తెల్ల గుడ్డ మీద నల్లక్షరాలు చాలమ్మాయ్. 'సోనిదో అసోగే, ఫిదెన్సియో.' అంతే. పోయినవాడికి తళుకులెందుకు?"

"ఎర్మెలిందా అక్క మెరిసేవే కావాలంది. ఆయన సౌండ్ బాక్సుల మీద ఇన్నాళ్ళూ ఉన్నవి ఇవేగా. వీధికి అడ్డంగా కట్టడానికి పెద్దవి చేస్తున్నానంతే. మీరు చూసి సరేనంటే అచ్చు వెయ్యమంది."

"నన్నే ఎందుకు చూడమంది?"

"పోయినాయనకి అన్నగారు కదా."

"మా మరదలికి ఏడ్చి ఏడ్చి కళ్ళు కనపడట్లేదు."

"మీకు బాగానే కనపడుతున్నాయిగా."

"నేనెందుకు ఏడుస్తాను? వాడు మా నాన్న పాటల రికార్డులన్నీ పట్టుకుపోయి, వీధి డాన్సులకి పాటలు వేసే సౌండ్ వేరేగా పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచీ మాకు మాటల్లేవు."

"మాటల్లేవా. శనివారం శనివారం మైకుల్లో తిట్టుకున్నదెవరు మరి?"

"తిట్టడమేమిటి? పలకరింపు. డాన్సుకి వచ్చినవాళ్ళందర్నీ పేరు పేరునా పలకరిస్తాం. వాణ్ణీ పలకరించేవాణ్ణి. 'అటు చివర చేపల డబ్బా తగిలించుకున్న పెద్దమనిషికి నా నమస్కారాలు' అని."

"ఆయనేమనేవాడు?"

"'ఇటు చివర దగ్గుతున్న ముసలి బాక్సులకి మందు పంపిస్తున్నా' అని. వెధవ. నా బాక్సులు ఏనాడూ దగ్గలేదు."

"రాత్రికి తెస్తున్నారా?"

"ఏంటి?"

"బాక్సులు."

"నడుం నొప్పి."

"లారీలో కదా తెచ్చేది, నడుం మీద కాదుగా."

"లారీకీ బాగా లేదు."

"దోన్ నజారియో..."

"బాగా లేదన్నానా."

"సౌండ్ వాడు పోతే, వీధికి ఒక చివర ఆయన బాక్సులు మోగకుండా నిలబడతాయి. రెండో చివర, బతికున్నన్నాళ్ళూ ఆయనకి ఎదురు నిలిచినవాడు పాటలు వేస్తాడు. మన పేటలో ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారు? మీరే."

"ఏ సౌండ్ వాడైనా వెయ్యొచ్చు. ఫెర్మీన్‌ని పిలవమను."

"అక్క ఎవర్నీ పిలవలేదు. మీరు రాకపోతే వీధి మూగగా ఉంటుంది."

"ఉండనీ. వాడికైనా నిద్ర పడుతుంది. అదేమిటి, అక్షరం మీద వల పరుస్తున్నావు?"

"వలే. ముడి ముడికీ ఒక రంగు పెడతాం. ముడి పట్టుకుని ఇలా లాగితే..."

"రంగు జారింది."

"సౌండ్‌కి అసోగే, పాదరసం అని పేరు పెట్టుకున్నాక జారకపోతే ఎలా?"

"ఇంత తంటా ఎందుకు? కాస్త బూడిద రంగు పులుము, పోతుంది."

"బూడిద రంగు పులిమితే బూడిదే అవుతుంది. మెరిసేదానికి సొంత రంగుండదు దోన్ నజారియో. ఎదురుగా ఏముంటే అదే దాని రంగు. పైన కాస్త ఆకాశం, కింద నేల, రెండూ కలిసేచోట అడ్డంగా నల్ల పట్టీ. పట్టీని ఆనుకుని తెల్లటి తెలుపు. అప్పుడు కన్ను మోసపోతుంది."

"జనాన్ని మోసం చెయ్యడం వాడికి పుట్టుకతో వచ్చింది. సరేగానీ, ఆ నిలువు మరకేమిటి?"

"ఏది?"

"అదే, అక్షరం నడుమ. పట్టీ అడ్డంగా అన్నావు, ఇది నిలబడి ఉంది. చెయ్యి జారిందా?"

"జారలేదు. చిన్న బొమ్మలో తెలిసేది కాదు. పెద్దది చేసేసరికి బయటపడింది."

"తీసెయ్."

"తియ్యను."

"వాడి అన్నగా చెబుతున్నా, తీసెయ్. వీధికి అడ్డంగా కట్టాక ప్రతివాడూ అదేం మరకంటాడు. చచ్చాక కూడా నవ్వులపాలా?"

"ఆయన నా పక్కన కూర్చుని గీయించింది అది."

"వాడికేం తెలుసు బొమ్మల గురించి?"

"ఇంకా దగ్గరికి తెస్తాను, చూడండి. ఎంత పెంచినా ఈ గీత చెదరదు. ఇదిగో. ఇప్పుడు చెప్పండి, మరకా?"

"బాక్సులు."

"బాక్సులే. ఒకదాని మీద ఒకటి."

"వాడివేగా?"

"తన బాక్సుల మీది అక్షరంలో తన బాక్సులెలా కనపడతాయి? ఎదుటివి కనపడాలి. నేను ఆకాశం, నేల గీసి ఇంకేం పెట్టమంటారని అడిగాను. 'శనివారం శనివారం నా ఎదురుగా ఎవడుంటాడమ్మాయ్, వాణ్ణి పెట్టు' అన్నాడు."

"ఈ ఒక్క అక్షరంలోనేనా?"

"అన్నిట్లోనూ. కూర్చోండి. మందారపూల షర్బత్ ఉంది, చల్లగా. పొయ్యనా?"

"వద్దు. తీపి పడదు."

"నీళ్ళు?"

"ఎన్ని గీశావు?"

"ఏవి?"

"బాక్సులు. ఎన్ని గీశావంటున్నా."

"ఆరు."

"నావి ఎనిమిది."

"ఆయన ఆరే అన్నాడు."

"అంటాడు. పేటంతా అలాగే చెప్పుకు తిరిగేవాడు. 'మా అన్నవి ఆరే, పైన రెండూ ఖాళీ డబ్బాలు' అని మైకులో కూడా అన్నాడు ఒకసారి. ఎనిమిదీ మోగుతాయి. ఎవర్నన్నా అడుగు."

"ఎనిమిది చేసేస్తాను. ఎంతసేపు, ఇంకో రెండు పైన పెట్టడమే. దోన్ నజారియో, గుడ్డ మిషన్ మీద ఎక్కించి ఉంది. ఎనిమిది చెయ్యనా?"

"ముట్టుకోకు. రాత్రికి ఆరే తెస్తాను."