నూకంత రాయి నడిపిన లీడర్‌గిరి

“తాతా, గొంతులకెల్లి గీ తెల్లటి పలుకు ఊడిపడ్డది. ఒకటే కంపు. కాలేజీల ఎవ్వలతోని మాట్లాడాలన్నా సిగ్గయితుంది.”

ఏదీ, సూడనియ్. ఓసినీ, గిదా! టాన్సిల్ల రాయి బిడ్డా. దీనికింత పరేషానెందుకు? గీ రాయి పుణ్యాన నేను రెండేండ్లు లీడర్‌గిరి చేసిన, ఎరికేనా?

అప్పుడు సిరిసిల్లల సాంచెలు, గదే బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడుపుతుంటి. ఛాయ్ పావల... కాదు కాదు, ఆటాన. గా సాంచెల మోతల మాటినబడదు గద, చెవుల నోరువెట్టి చెప్పాలె. నేను పోయి మా ఆసామి, గదే సాంచెల ఓనరు, చెవుల నోరువెట్టుడే ఆలస్యం, సగంలనే “సరే సరే, పో” అనేటోడు. నీళ్లకుండ అడిగితే వచ్చింది. పంక అడిగితే వచ్చింది. ఇగ అందరు నన్నే ముంగట వెట్టుడు. నా మాటకు గంత బలమున్నదని నేను మీసం దువ్వుకుంట తిరిగిన, పిచ్చోని లెక్క! ఒక్కడన్న అసలు సంగతి చెప్పిండా? చెప్పలే.

మీ బాపమ్మకు ఎనిమిదో నెల. హుస్నాబాద్ తల్లిగారింటికి పోయే ముందు, నన్ను ఎండల కూసోబెట్టి “నోరు తెరువు” అన్నది. గొంతుల చూసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలి పట్టిపిచ్చింది. నాలుగోపాలికి నూకంత పలుకు ఊడిపడ్డది. “రోజు గిట్లనే చెయ్యి” అని బస్సెక్కింది. చేసిన.

ఇగ మీ బాపు పుట్టిండని కబురొచ్చింది. మూడొద్దుల సుట్టి కోసం ఉరికిన, ఆసామి చెవుల నోరువెట్టిన. ఆయన ఆరాముగ మొత్తం ఇన్నడు. ఇని, “కుదరదు” అన్నడు. ఇంకోపాలి బతిలాడిన. గది గూడ మొత్తం ఇన్నడు! దోస్తులేమో “ఏందిరా, నోరు కడుక్కున్నవా? కొంప ముంచినవ్ గదరా” అని నామీదికే వచ్చిరి. అప్పుడు సమజయ్యింది నాకు. సిగ్గుతోని సచ్చిపోయిన బిడ్డా.

నా కొడుకు మొకం చూసేటాలకు పదొద్దులైంది. వాన్ని ఒళ్లె పెట్టుకొని నేను ఏడుసుకుంట, ఒక్కడు గూడ చెప్పలేదు సూడే అంటే, “నీతోని పనున్నోళ్లు ఎందుకు చెప్తరు? నీతోని బతికేదాన్ని, నేను చెప్పిన” అన్నది మీ బాపమ్మ.

పిన్నీసుతోని గెలుకకు, నెత్తురొస్తది. ఉప్పునీళ్లు పుక్కిలించు, తక్కువ గాకుంటె డాక్టరుకు చూపిద్దాం. సల్లగుండు బిడ్డా, మొకంమీద చెప్పే మనిషి నీకు గూడ దొరకాలె. ఏమే ముసల్దానా, ఇంటున్నవా? ఉప్పునీళ్లు రెండు గిలాసలు తే. నాది గూడ జర చూడు, గీ నడుమ ఆ పక్కింటాయన నేనేం చెప్పినా సరే సరే అంటుండు...